ధారణ నుంచి ధ్వనిముద్రణకు: షున్ర్యూ సుజుకి ఉపన్యాసాల టేపులు, స్వచ్ఛంద సేవకులు, పాఠ సమస్య

నాగార్జునకొండ మహాచైత్యపు ఆయక స్తంభ శాసనాల్లో ఆనందుడనే భిక్షువు ప్రస్తావన ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరంలో మహాచైత్య నిర్మాణాన్ని పూర్తి చేయించినవాడుగా శాసనం ఆయనను పేర్కొంటుంది. ఆయనకు ఇచ్చిన విశేషణం మరింత గమనించదగినది. ఆయన దీఘ, మజ్ఝిమ నికాయాలను ‘ధరించిన’వాడు. ఇక్కడ ధరించడమంటే తాళపత్రాల కట్టను దగ్గర ఉంచుకోవడం కాదు, ఆ నికాయాలను కంఠస్థం చేసి తప్పులేకుండా అప్పగించగలగడం. వోగెల్ ఈ శాసనాలను ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటంలో ప్రకటించిన తరువాత చరిత్రకారులు వీటిని ప్రధానంగా బౌద్ధ శాఖల చరిత్రకూ, రాజకుటుంబ స్త్రీల దానాలకూ ఆధారంగా తీసుకున్నారు. మౌఖిక సాహిత్య దృష్టితో చూసేవారికి ఇందులో మరో సాక్ష్యం కనిపిస్తుంది. క్రీస్తుపూర్వం ఒకటవ శతాబ్దిలో వట్టగామణి అభయుని కాలంలోనే సింహళంలో త్రిపిటకాన్ని గ్రంథస్థం చేశారని అక్కడి వంశకథలు చెబుతాయి. ఆ తరువాత మూడు వందల ఏళ్లకు కూడా కృష్ణాతీరంలో ‘ధరుడు’ అన్నది రాతిమీద చెక్కదగ్గ గౌరవంగానే ఉంది. రాత వచ్చినంత మాత్రాన ధారణకు విలువ తగ్గలేదు.

బౌద్ధ వాఙ్మయం విన్నవారి వాఙ్మయం. సూత్రాలు ‘నేనిలా విన్నాను’ అన్న సాక్ష్యంతో మొదలవుతాయి. సంప్రదాయం ఆ సాక్ష్యాన్ని బుద్ధుని అనుచరుడైన ఆనందునికి ఆపాదించింది. విన్నవాటిని నికాయాలవారీగా పంచుకుని వల్లెవేసిన భిక్షువులను భాణకులన్నారు. దీఘ భాణకులు, మజ్ఝిమ భాణకులు, సంయుత్త భాణకులు ఎవరి భాగాన్ని వారు కాపాడారు. నిలిపినవాడి ఊపిరి, జ్ఞాపకం, పునరుక్తి పాఠంలో భాగమయ్యాయి. పాళి సుత్తాల్లో ఒకే వాక్యసముదాయం పదేపదే రావడం రచయిత అలసత్వం కాదు, భాణకుని పనిముట్టు. ఇరవయ్యో శతాబ్ది రెండో సగంలో భాణకుని పనిలో కొంత భాగాన్ని టేపు రికార్డరు తీసుకుంది. ఆ యంత్రాన్ని నడిపినవారు జీతగాళ్లు కారు. విహారానికీ ధ్యానకేంద్రానికీ వచ్చే గృహస్థులు తమ సొంత యంత్రంతో, సొంత సమయంతో ఆ పని చేశారు. వారు చేసినది యాంత్రికమైన నమోదు మాత్రమే కాదనీ, పాఠం ఏర్పడడంలో తొలి పరిష్కర్తలు వారేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందుకు ప్రధాన ఉదాహరణ కాలిఫోర్నియాలో షున్ర్యూ సుజుకి ఇచ్చిన ఉపన్యాసాల టేపులు.

లాస్ ఆల్టోస్ ఇంట్లో ఒక యంత్రం

తెలుగు పాఠకులకు సుజుకి అనగానే గుర్తుకువచ్చేది జెన్ మీద ఆంగ్లంలో విస్తారంగా రాసిన డి.టి.సుజుకి (1870–1966). ఈయన వేరు. షున్ర్యూ సుజుకి (1904–1971) జపాన్ సోతో సంప్రదాయానికి చెందిన ఆలయ పురోహితుడు. 1959లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని జపాన్ సంతతివారి ఆలయం సోకోజీలో సేవ చేయడానికి వచ్చారు. ఆలయ సభ్యులకంటే వేరుగా, ధ్యానం నేర్చుకోవాలని వచ్చిన అమెరికన్ యువకుల గుంపు ఆయన చుట్టూ చేరింది. 1962లో ఆ బృందం జెన్ సెంటర్‌గా నమోదైంది. డి.టి.సుజుకి పుస్తకాలు రాసి ప్రసిద్ధుడైతే, షున్ర్యూ సుజుకి పుస్తకం రాయాలని కూర్చున్నవారు కాదు. ఆయనది నోటి మాట. అదీ పెద్ద వయసులో, పరభాషలో, ముందుగా రాసుకోకుండా చెప్పిన మాట.

నగరానికి దక్షిణాన ఉన్న లాస్ ఆల్టోస్‌లో మేరియన్ డర్బీ ఇంట్లో చిన్న ధ్యానబృందం కూడేది. తరువాత ఆ ఇంటి గ్యారేజీనే పదిహేడు ఆసనాల ధ్యానమందిరంగా మార్చుకున్నారు. హైకూలో అక్షరాలు పదిహేడు కాబట్టి దానికి హైకూ అని పేరు పెట్టారు. సుజుకి వారానికి ఒకటి రెండుసార్లు అక్కడికి వెళ్లి, ధ్యానం ముగిశాక కొద్దిసేపు మాట్లాడేవారు. 1960ల మధ్యలో డర్బీ ఆ మాటలను టేపులోకి ఎక్కించడం మొదలుపెట్టారు. విన్న టేపును తానే కాగితం మీద పెట్టి, కొద్దిగా సవరించి, ఒక రాతప్రతిగా కూర్చారు. ఆ ప్రతి జెన్ సెంటర్‌లో రిచర్డ్ బేకర్ చేతికి, ఆయన ద్వారా ట్రూడీ డిక్సన్ చేతికి చేరింది. తత్త్వశాస్త్రం చదివిన డిక్సన్ ప్రసంగాలను వింగడించి, మూడు భాగాలుగా అమర్చి, వాక్యాలను దిద్దారు. క్యాన్సర్‌తో బాధపడుతూ పని చేసిన ఆమె 1969లో కన్నుమూశారు. ‘జెన్ మైండ్, బిగినర్స్ మైండ్’ 1970లో వెదర్‌హిల్ ప్రచురణగా వెలువడింది. మరుసటి ఏడాది డిసెంబరు 4న సుజుకి మరణించారు.

ఈ పుస్తకం మీద వచ్చిన చర్చల్లో ఎక్కువ భాగం డిక్సన్ పరిష్కరణ గురించే సాగుతుంది. పరిష్కరణ అంతకు ముందే, టేపు తిరగడం మొదలైనప్పుడే ఆరంభమైంది. ఆనాటి రీలు యంత్రాల లెక్క చూస్తే ఇది బోధపడుతుంది. 1200 అడుగుల టేపున్న ఏడంగుళాల రీలు సెకనుకు 3.75 అంగుళాల వేగంతో తిరిగితే ఒకవైపు 64 నిమిషాలు వస్తుంది. ధ్వని స్పష్టంగా ఉండాలని వేగాన్ని 7.5 అంగుళాలకు పెంచితే సరిగ్గా సగం, 32 నిమిషాలు. ఏ వేగాన్ని ఎంచుకోవాలన్నది ధ్వనికీ ఖర్చుకూ మధ్య బేరం. రీలు అయిపోయినప్పుడు తిప్పి పెట్టే ఆ నిమిషంలో వక్త ఆగడు. అప్పుడు పలికిన వాక్యం ఏ పాఠంలోనూ ఉండదు. మైకు వక్త ముందు ఉంటే ప్రశ్న అడిగినవాడి గొంతు దూరమవుతుంది. జవాబు మిగిలి ప్రశ్న పోయిన ప్రసంగాన్ని చదివేవాడు, సందర్భానికి కట్టుబడిన మాటను సార్వకాలిక సూత్రంగా పొరబడే ప్రమాదం ఉంది. ధ్యానం ముగిసి గంట మోగినప్పుడు మీట నొక్కాలా, వక్త గొంతు సవరించుకున్నప్పుడా అన్నది కూడా నిర్ణయమే. తాళపత్ర ప్రతుల్లో ఆద్యంత పత్రాలు లోపించడాన్ని మన పరిష్కర్తలు పీఠికల్లో తప్పక నమోదు చేస్తారు. టేపు ఆద్యంతాల విషయంలో ఆ జాగ్రత్త తీసుకోవడం అరుదు.

చెరిగిన మూలాలు

టేపు ఖరీదైన సరుకు. చందాలతో నడిచే బృందానికి మరీ ఖరీదు. మాటలు కాగితం మీదికి ఎక్కాక టేపు పని తీరిందనుకుని, దానిమీదే తరువాతి ఉపన్యాసాన్ని ముద్రించిన సందర్భాలు జెన్ సెంటర్ చరిత్రలో ఉన్నాయి. ఫలితంగా సుజుకి తొలి ఏళ్ల ప్రసంగాల్లో చాలావాటికి నేడు రాతప్రతి తప్ప గొంతు లేదు. ఇది నిర్లక్ష్యమని తేల్చేయడం తేలిక, కాని సరికాదు. టేపును చెరిపినవారు మూలాన్ని చెరుపుతున్నామనుకోలేదు. వారి దృష్టిలో మూలం అర్థమే. అది కాగితంలో భద్రంగా ఉంది. టేపు వారికి నోటికీ కాగితానికీ మధ్య కాసేపు నిలిచే చెవి లాంటిది. రాతను ప్రమాణంగానూ, మాటను దానికి ముడిసరుకుగానూ చూసే ఈ అలవాటు అమెరికన్ బౌద్ధుల ప్రత్యేకతేమీ కాదు. జానపద గేయాలను సేకరించి, ముద్రణ కాగానే క్యాసెట్లను అటకెక్కించిన పరిశోధకులకూ ఇది పరిచితమే.

డిక్సన్ దిద్దుబాట్లను కూడా ఈ వెలుగులోనే చూడాలి. పాళి సుత్తాలే పారాయణానికి అనువుగా మలచిన పాఠాలయినప్పుడు, గురువు మాటను చదువరికి అనువుగా మలచడం సంప్రదాయ విరుద్ధం కాదు. డిక్సన్ పని లేకపోతే ఆ గొంతు లాస్ ఆల్టోస్ గ్యారేజీ దాటి ఇంత దూరం వచ్చేది కాదు. చిక్కు దిద్దడంలో లేదు, చెరపడంలో ఉంది. టేపు నిలిచి ఉంటే ప్రతి తరమూ తన పరిష్కర్తను తాను ఎన్నుకోగలదు. అది పోయినచోట మొదటి పరిష్కర్తే చివరి పరిష్కర్త అవుతాడు.

టేపులు మిగిలిన ప్రసంగాలను చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. జెన్ సెంటర్ 1966 చివర కొని, 1967లో మఠంగా తెరిచిన టాసహారా కొండలోయలో ఉంది. అక్కడ 1970 వేసవిలో సుజుకి ‘సాందోకాయి’ మీద వరుసగా ఉపన్యసించారు. ఎనిమిదో శతాబ్ది చీనా ఆచార్యుడు షిటౌ రచించిన ఆ పద్యకృతిని సోతో మఠాల్లో నిత్యం పఠిస్తారు. ఈ ఉపన్యాసాలు మెల్ వైట్స్‌మన్, మైకేల్ వెంగర్‌ల సంపాదకత్వంలో ‘బ్రాంచింగ్ స్ట్రీమ్స్ ఫ్లో ఇన్ ద డార్క్‌నెస్’ పేరుతో 1999లో పుస్తకమయ్యాయి. అందులో మొదటి ప్రసంగానికి పెట్టిన శీర్షిక సుజుకి తరచు వాడిన పదబంధం. బహువచన నామం వెంట ఏకవచన సర్వనామం, ఏకవచన క్రియ వచ్చే ఆ ప్రయోగం ఆంగ్ల వ్యాకరణం ప్రకారం దోషం. బహుత్వమూ ఏకత్వమూ వేరుకావని చెప్పే కృతికి వ్యాఖ్యానం చేస్తున్నవాడి నోట ఆ దోషం అర్థవంతం. ఈ సంపాదకులు దాన్ని దిద్దలేదు సరికదా, శీర్షికకు ఎక్కించారు. 1960ల పరిష్కర్త దృష్టికి భాషాదోషంగా కనబడే అవకాశమున్నది, గొంతు మళ్లీమళ్లీ వినగలిగిన 1990ల పరిష్కర్తలకు భావంగా వినబడింది. ఈ మార్పుకు అభిరుచి ఒక్కటే కారణం కాదు. తిరిగి వినడానికి టేపు ఉండడం కూడా కారణం.

అదే ఉపన్యాసమాలలో సుజుకి శబ్దానికీ రొదకూ భేదం చెబుతారు. రొద అనేది బయట ఉండి మనల్ని బాధించేది. శబ్దం మన సాధనలోంచి వచ్చేది. కప్పు మీద అరిచే పక్షి చదువుకునేవాడికి రొద కావచ్చు, సాధకుడికి ఆ పక్షి తన హృదయంలోనే ఉంటుంది. ఆయన చెప్పినదాని సారాంశం ఇది. ఈ మాటలున్న టేపును శుభ్రం చేయడానికి కూర్చున్న సేవకుడి స్థితిని ఊహించవచ్చు. ఆయన తెర మీద పక్షి కూత ఒక పౌనఃపున్య రేఖ, దాన్ని తొలగించే సాధనం చేతిలో ఉంది. తొలగిస్తే మాట స్పష్టమవుతుంది, మాట దేన్ని గురించో అది పోతుంది. ధ్వని సంరక్షణలో ఇంతకంటే సూటిగా ఎదురయ్యే పాఠ సమస్య మరొకటి ఉండదేమో.

సంరక్షకుని పనితీరు

పాత టేపును అంకరూపంలోకి మార్చడమంటే ఒకవైపు పాడించి మరోవైపు ఎక్కించడమే అనుకుంటారు. పనిలోకి దిగినవారికి తెలిసేది వేరు. అసిటేట్ పట్టీతో చేసిన పాత టేపులు కాలం గడిచేకొద్దీ పెళుసెక్కి విరుగుతాయి. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే పట్టీ కుళ్లుతున్నదని గుర్తు. 1970, 80 దశకాల్లో తయారైన కొన్ని రకాల టేపుల్లో చిక్కు పట్టీది కాదు, ఇనుప ఆక్సైడు పొడిని పట్టీకి అంటించే జిగురుది. అది గాలిలోని తేమను పీల్చి మెత్తబడి, యంత్రానికి అంటుకుని కీచుమంటుంది. అలాంటి టేపును సుమారు యాభై డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే కొద్ది వారాలపాటు పాడగలుగుతుంది. ఆ గడువులోనే ప్రతి తీసుకోవాలి. పట్టీ పట్టీకి ఒరుసుకుని చుట్టి ఉండడంవల్ల ఒక చుట్టలోని గొంతు పక్క చుట్టలోకి దిగి, మాటకు ముందే ఆ మాట నీడలా వినిపించడం ఇంకొక లోపం. మౌనం ఎక్కువగా ఉండే ధ్యానోపన్యాసాల్లో ఈ నీడ మరీ ప్రస్ఫుటం.

అన్నిటికంటే సూక్ష్మమైనది యంత్రపు తలకట్టు కోణం. ముద్రించిన యంత్రం తలకట్టు కాస్త ఒరిగి ఉంటే, పాడించే యంత్రం తలకట్టునూ అదే మేరకు ఒరిగించాలి. లేకపోతే హల్లుల పదును పోయి గొంతు దుప్పటి కప్పినట్లు వినిపిస్తుంది. అంటే ఎన్నడో ఒక గృహస్థు ఇంట్లో ఉన్న యంత్రపు లోపాన్ని యాభై ఏళ్ల తరువాత మరొకరు తన యంత్రంలో పునఃసృష్టించాలి. లేఖకుని దస్తూరీలోని వంకరలను తెలుసుకున్న తరువాతే ప్రతిని చదవగలమన్న నియమానికి ఇది ధ్వనిరూపం.

అంతర్జాతీయ ధ్వని సంరక్షణ మార్గదర్శకాల ప్రకారం సెకనుకు 96,000 నమూనాలు, 24 బిట్ల లోతుతో తీసిన ప్రతి ఒక్క గొంతుకు గంటకు సుమారు ఒక గిగాబైటు అవుతుంది. ఈ మాతృప్రతిని ఏ విధంగానూ శుభ్రం చేయకూడదన్నది ఆ నియమాల్లో ముఖ్యమైనది. శుభ్రపరచడం వినేవారికి ఇచ్చే వేరే ప్రతిలోనే జరగాలి. చెరిపిన టేపుల అనుభవం నేర్పిన విచక్షణ ఈ నియమంలో ఉంది. పరిష్కృత పాఠం వేరు, మాతృక వేరు.

సుజుకి ప్రసంగాల విషయంలో ఈ విచక్షణ క్రమంగా వచ్చింది. ‘క్రుకెడ్ కుకుంబర్’ (1999) పేరుతో సుజుకి జీవితచరిత్ర రాసిన డేవిడ్ చాడ్విక్, ఆయనతో పాటు పలువురు స్వచ్ఛంద సేవకులు టేపులను, రాతప్రతులను, జ్ఞాపకాలను ఒకచోట చేర్చారు. మిగిలిన టేపులకు అక్షరానువాదంగా కొత్త రాతప్రతులు తయారయ్యాయి. వాటిలో సుజుకి నవ్విన చోట నవ్వినట్టు రాశారు. వినబడని మాటలు ఒకటో రెండో అంచనా కట్టి గుర్తు పెట్టారు. సగంలో వదిలిన వాక్యాన్ని సగంలోనే వదిలారు. ఇది చదవడానికి హాయిగా ఉండదు. పుస్తకంలోని గురువు ప్రశాంత గంభీరుడు. ఈ ప్రతుల్లోని గురువు తడబడతాడు, వెనక్కి వెళ్తాడు, తన మాటకు తానే నవ్వుతాడు. ఆ నవ్వు పడిన చోటును బట్టి కొన్ని కఠినమైన వాక్యాలు హెచ్చరికలు కావనీ, చనువుతో కూడిన పరిహాసాలనీ తెలుస్తుంది. అర్థనిర్ణయానికి నవ్వు ప్రమాణం కాగలదని అలంకారశాస్త్రంలో కాకువు గురించి చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

దిద్దని గొంతు

ఇందుకు పూర్తి భిన్నమైన మార్గం సత్యనారాయణ గోయెంకా (1924–2013) విపశ్యనా సంప్రదాయంలో కనిపిస్తుంది. బర్మాలో ఊ బా ఖిన్ వద్ద నేర్చుకుని 1969లో భారతదేశానికి వచ్చిన గోయెంకా, 1980ల ఆరంభంలో సహాయకాచార్యులను నియమించారు. వారు శిబిరాన్ని నడుపుతారు గాని బోధన వారిది కాదు. పది రోజుల శిబిరంలో సాధన సూచనలు, పాళి పారాయణం, సాయంకాల ప్రసంగాలు అన్నీ గోయెంకా ముద్రిత స్వరంలోనే సాగుతాయి. ఆయన మరణానంతరమూ అంతే. ఇక్కడ టేపు పుస్తకానికి ముడిసరుకు కాదు, టేపే ఆచార్యుడు. సేవకుని పని వేళకు సరైన ముద్రణను, అందరికీ వినబడే స్థాయిలో వినిపించడం. ఎంపిక లేదు, దిద్దుబాటు లేదు. ప్రాచీన భాణకునికి ఈ సేవకుడే ఎక్కువ దగ్గరని తోచవచ్చు. కాని భాణకుడు పాఠాన్ని తన లోపల మోశాడు. ఈ సేవకుడు దాన్ని తాకకుండా అందించడమే నిష్ఠగా భావిస్తాడు.

హైదరాబాదులోని ధమ్మఖేత్త వంటి కేంద్రాలకు వెళ్లే తెలుగువారికి ఈ ప్రసంగాలు తెలుగు అనువాద ముద్రణలుగా అందుతాయి. గోయెంకా పాళి పారాయణం మాత్రం ఆయన గొంతులోనే ఉంటుంది. భాషాపరిశోధకులు ఆగి వినవలసిన చోటు ఇదే. పాళి ‘వేదనా’ సుఖమైనా దుఃఖమైనా కలిగే ఏ అనుభూతికైనా పేరు. తెలుగులో ‘వేదన’ అంటే బాధ ఒక్కటే. పాళి ‘సంఖార’కు సంస్కృత రూపమైన ‘సంస్కారం’ తెలుగువాడికి మంచి నడతనో, అంత్యక్రియనో గుర్తుచేస్తుంది. పుస్తకంలో అయితే అనువాదకుడు అధోజ్ఞాపికతో గట్టెక్కుతాడు. కళ్లు మూసుకుని వినేవాడికి అధోజ్ఞాపిక లేదు. వినబడిన క్షణంలోనే మాట అర్థం కావాలి, దారి తప్పించకూడదు. అందువల్ల ఈ ముద్రణలు బోధనా సామగ్రి మాత్రమే కావు. బౌద్ధ పరిభాష తెలుగు నోట ఎలా కుదురుకుంటున్నదో చూపే చారిత్రక సాక్ష్యాలు కూడా. ఒక అనువాద ముద్రణ స్థానంలో మెరుగైన కొత్తది వచ్చినప్పుడు పాతదాన్ని చెరపకుండా తేదీతో భద్రపరచడం ఎందుకు అవసరమో లాస్ ఆల్టోస్ టేపుల కథ చెబుతుంది.

తాళపత్ర లేఖకుడు ప్రతి చివర సంవత్సరం, తిథి, తన పేరు రాసుకుని, తప్పులుంటే మన్నించమని వేడుకునేవాడు. సుజుకి ప్రసంగాల అక్షరానువాద ప్రతుల చివర కూడా దాదాపు అలాంటి గద్యే కనిపిస్తుంది. ఆధారం ఏ టేపు, రాసినవారెవరు, సరిచూసినవారెవరు, ఎప్పుడు అన్న వివరాలు క్లుప్తంగా ఉంటాయి. అయితే ఆ ఉదయం ఆసనం మీదనుంచి లేచి, యంత్రం దగ్గరికి వెళ్లి, మైకును వక్తవైపు తిప్పి, రీలు అయ్యేదాకా తమ ధ్యానం మానుకుని దానిమీదే కన్నుంచినవారి పేరు చాలాచోట్ల ఉండదు. నాగార్జునకొండ శాసనం నికాయాలు ధరించిన ఆనందుని పేరు చెప్పి ఊరుకోలేదు. ఆయన గురువులు ఏ శాఖకు చెందిన ఆచార్యులో, ఏయే గ్రంథాలు బోధించేవారో కూడా చెక్కించింది.